పాత మీటరు మాట నమ్మవచ్చా?

సెకండ్ హ్యాండ్‌లో కొన్న మీటరు సరిగ్గా చూపిస్తోందని ఎలా తెలుస్తుంది? దాన్ని పరీక్షించడానికి ఇంకో మంచి మీటరు కావాలి కదా, అదే ఉంటే ఇది కొనడం ఎందుకు? ఎలక్ట్రానిక్స్ మీద మనసు పడ్డ డిప్లొమా విద్యార్థులూ అడుగుతారు, రిటైరయ్యాక సోల్డరింగ్ ఐరన్ చేతపట్టిన పెద్దలూ అడుగుతారు. చాలా మంచి ప్రశ్న. కొలతల శాస్త్రం మొత్తం ఈ ప్రశ్న చుట్టూనే పెరిగింది.

కోలారు జిల్లాలో ఈ ప్రశ్నకు మరింత బరువుంది. కోలారు బంగారు గనుల పట్టణం కేజీఎఫ్‌లో 1880లో జాన్ టేలర్ కంపెనీ అడుగుపెట్టిన నాటి నుంచి 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడేదాకా, ఆ ఊరి జనం కొలతల మీదే బతికారు. చాంపియన్ రీఫ్ గని 3 కిలోమీటర్ల లోతు దాటింది. అంత లోతున గాలి ఎంత అందుతోంది, రాయి ఎంత వేడిగా ఉంది, పంపు మోటారు తీగల పైతొడుగు ఇంకా గట్టిగా ఉందా అన్నవి ఎవరో ఒకరు కొలిచి చెబితేనే షిఫ్టు దిగేది. 1964లో ఏర్పడిన బీఈఎంఎల్ కూడా ఇక్కడే పెద్ద ఫ్యాక్టరీ నడుపుతోంది. ఫిట్టర్లు, ఎలక్ట్రీషియన్లు, టర్నర్లు ఇంటింటా ఉన్న ఊరు. అలాంటి ఇళ్లలో పెరిగిన పిల్లలకు పరికరాల మీద ఆసక్తి ఉండడం సహజం, కొత్త ఆసిలోస్కోపు కొనే డబ్బు లేకపోవడమూ అంతే సహజం. అందుకే పాతవాటి సంగతి నేర్చుకోవాలి.

సూది ఎందుకు కదులుతుంది

ముందు మీటరు లోపలికి తొంగిచూద్దాం. పాత పరికరాల్లో ఇప్పటికీ ఎక్కువ గౌరవం పొందేది ఏవో మీటరు. బ్రిటిష్ పోస్టాఫీసు ఇంజినీరు డొనాల్డ్ మెకాడీ ఆలోచన అది. ఆంపియర్లు, వోల్టులు, ఓములు మూడూ ఒకే పెట్టెలో కొలవాలనుకున్నాడు. 1923లో మొదటిది వచ్చింది. అందులో 8వ మోడల్ 1951లో మొదలై 2008 దాకా తయారైంది. నల్లని బేకలైట్ పెట్టె, తోలు పట్టీ, ముందు రెండు పెద్ద తిప్పుడు స్విచ్చులు: ఎడమది డీసీకి, కుడిది ఏసీకి. స్కేలు కింద సన్నని అద్దం పట్టీ ఉంటుంది. సూదీ, అద్దంలోని దాని నీడా ఒకదాని మీద ఒకటి పడేలా కన్ను నిలిపి చదవాలి. అప్పుడే పక్క నుంచి చూడడం వల్ల వచ్చే తప్పు పోతుంది.

లోపల ఉన్నది బలమైన అయస్కాంతం, దాని ధ్రువాల మధ్య వెంట్రుకంత సన్నని రాగితీగ చుట్ట, దాన్ని వెనక్కి లాగే చిన్న స్ప్రింగు. చుట్టలో కరెంటు పారితే అదీ ఒక అయస్కాంతమై పక్కకు తిరుగుతుంది. స్ప్రింగు వద్దంటుంది. ఇద్దరి బలం సరిసమానమైన చోట సూది ఆగుతుంది. అంటే సూది కదలాలంటే మనం కొలుస్తున్న సర్క్యూటు నుంచి కొంత కరెంటు తీసుకోక తప్పదు.

చిక్కంతా ఇక్కడే ఉంది. పెద్ద గిన్నెలో పులుసు కాగుతుంటే చెంచాడు తీసి ఉప్పు చూస్తాం, గిన్నెకు ఏ లోటూ రాదు. అదే చిన్న కటోరీలో ఉన్న పులుసును గరిటెతో రుచి చూస్తే? ఉప్పు సంగతి తెలుస్తుంది కానీ సంగటిలోకి పులుసు మిగలదు. మీటరు తీసుకునే కరెంటు గరిటంత ఉంటే, బలహీనమైన సర్క్యూటులో వోల్టేజి పడిపోతుంది. వడ్డించాల్సిన పులుసే రుచిలో అయిపోయినట్టు, కొలవాల్సిన వోల్టేజిని మీటరే తినేస్తుంది.

అంకెల్లో చూస్తే ఇంకా స్పష్టం. లక్ష ఓముల రెసిస్టర్లు రెండు వరుసగా కలిపి, కొనలకు 10 వోల్టులు ఇవ్వండి. మధ్యలో 5 వోల్టులు ఉండాలి. వోల్టుకు 2,000 ఓములు అని రాసి ఉన్న చౌక సూది మీటరును 10 వోల్టుల రేంజిలో పెడితే 1.4 వోల్టులే చూపిస్తుంది. వోల్టుకు 20,000 ఓములున్న ఏవో 8 అయితే 4 వోల్టులు. లోపలి నిరోధం కోటి ఓములుండే మామూలు డిజిటల్ మీటరు 4.98 చూపిస్తుంది. మూడింట్లో ఏదీ చెడిపోలేదు. తాను వచ్చి కూర్చున్నాక అక్కడ ఎంత మిగిలిందో ప్రతిదీ నిజాయితీగానే చెప్పింది. పాత మీటరు తప్పు చూపిస్తోందని పక్కన పడేసేముందు, డయలు మూలన చిన్న అక్షరాల్లో వోల్టుకు ఎన్ని ఓములని రాసి ఉందో చదవాలి. నా దృష్టిలో సెకండ్ హ్యాండ్ కొనుగోలులో మొదటి పాఠం ఇదే.

గనిలో న్యూట్రినో దొరికిన కథ

ఒక పరికరం చెప్పిన మాటను ఎప్పుడు నమ్మాలి అనే ప్రశ్నకు ప్రపంచం మెచ్చిన జవాబు ఒకటి కేజీఎఫ్‌లోనే వచ్చింది.

ఆకాశం నుంచి కురిసే కాస్మిక్ కిరణాల్లో మ్యూయాన్లనే కణాలుంటాయి. అవి రాతిలోకి చాలా లోతు దాకా దూసుకుపోతాయి. వాటి రద్దీలో న్యూట్రినో అనే మరో కణం జాడ పట్టుకోవడం సాధ్యం కాదు. అందుకే టాటా పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు కోలారు గనుల్లోకి దిగారు. బి.వి. శ్రీకంఠన్ 1950ల మొదట్లోనే ఇక్కడ మ్యూయాన్లను లెక్కించడం ప్రారంభించారు. ఆ తర్వాత జపాన్‌కు చెందిన మియాకె, మనవాళ్లు వి.ఎస్. నరసింహం, పి.వి. రమణమూర్తి లోతు పెంచుకుంటూ పోయారు. అన్నిటికన్నా లోతైన చోట దాదాపు రెండు నెలలు పరికరం పెట్టినా ఒక్క మ్యూయాన్ కూడా పడలేదు. ఇంకెవరైనా అయితే ప్రయోగం విఫలమైందనుకునేవారు. న్యూట్రినోను వెతకడానికి కావలసిన నిశ్శబ్దం ఇక్కడ ఉందని వాళ్లు గ్రహించారు.

1965లో టాటా సంస్థ, ఒసాకా సిటీ విశ్వవిద్యాలయం, బ్రిటన్‌లోని డర్హామ్ విశ్వవిద్యాలయం కలిసి చాంపియన్ రీఫ్ గనిలో సుమారు 2.3 కిలోమీటర్ల లోతున పరికరాలు నిలబెట్టాయి. కణం దూసుకుపోతే మినుక్కుమనే ప్లాస్టిక్ పలకలు, ఆ మినుకును కరెంటుగా మార్చి లక్షల రెట్లు పెంచే గాజు గొట్టాలు, దారి చూపించే నియాన్ గొట్టాలు వాడారు. వాతావరణంలో పుట్టిన న్యూట్రినో జాడను అక్కడే నమోదు చేశారు. ఆ ఏడాదే దక్షిణాఫ్రికా బంగారు గనిలో ఫ్రెడరిక్ రైన్స్ బృందం కూడా ఇదే పని చేసింది.

మనకు పనికొచ్చే సంగతి ఆ గాజు గొట్టాల్లో ఉంది. బయటి నుంచి ఏ వెలుగూ పడకపోయినా, కేవలం వేడికే అవి అప్పుడప్పుడు దొంగ సంకేతం ఇస్తాయి. అందువల్ల ఒక్క గొట్టం చెబితే ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. వేర్వేరు గొట్టాలు ఒకే క్షణంలో ఒకే మాట చెబితేనే నమోదు. పరికరం ఖరీదుతో, వయసుతో దీనికి సంబంధం లేదు. ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు ఆధారాలు కలిస్తేనే కొలతకు విలువ. ఇంట్లో బల్ల మీద పాత మీటరు పెట్టుకున్న మనమూ అదే సూత్రం పాటించవచ్చు.

సరుకు ఎక్కడి నుంచి వస్తుంది

కోలారు వాళ్లకు ఒక అదృష్టముంది. మారికుప్పంలో రైలెక్కితే బంగారపేట మీదుగా బెంగళూరు, బంగారపేటలో అటువైపు బండెక్కితే చెన్నై. ఒకవైపు ఎస్.పి. రోడ్డు, ఇంకోవైపు రిచీ స్ట్రీట్. దక్షిణాదిలో ఎలక్ట్రానిక్స్ సరుకుకు పేరుపడ్డ రెండు వీధుల మధ్య ఉంది ఈ జిల్లా. బెంగళూరు చిక్కపేట చుట్టుపక్కల ఆదివారం పొద్దున్నే సంత జరుగుతుంది, అక్కడ మీటర్లు నేల మీద గోనెపట్టా మీద పరిచి ఉంటాయి. హైదరాబాద్ వాళ్లకైతే కోఠి ఉండనే ఉంది.

బెంగళూరులో పాత పరికరాలు ఎక్కువగా దొరకడానికి కారణముంది. 1940లో హాల్, 1948లో ఐటీఐ, 1954లో బీఈఎల్, తర్వాత ఇస్రో. ఇలాంటి చోట్ల ప్రతి పరికరాన్నీ గడువు ప్రకారం సరిచూసి సర్టిఫికెట్ తీసుకోవాలి. ఒక వయసు దాటాక ఆ ఖర్చు గిట్టుబాటు కాదు, విడిభాగాలూ దొరకవు. పనిచేస్తున్నా సరే, పక్కన పెట్టేస్తారు. ప్రభుత్వ సంస్థల పాత సరుకు చాలావరకు ఎంఎస్‌టీసీ ఆన్‌లైన్ వేలంలో లాట్ల కింద పోతుంది. ఒక్క స్కోపు (ఆసిలోస్కోపు) కావలసినవాడికి ఆ వేలం పనికిరాదు, సరుకంతా ఎత్తుకోవాలి. పాడుకున్న స్క్రాపు వ్యాపారి విడగొట్టి అమ్మేటప్పుడు మన వంతు వస్తుంది. 2023 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఈ-వ్యర్థాల నిబంధనలు అమల్లోకి వచ్చాయి. పెద్ద సంస్థలు పనికిరాని ఎలక్ట్రానిక్ సరుకును రిజిస్టరయిన తయారీదారులకో మరమ్మతుదారులకో రీసైక్లర్లకో మాత్రమే అప్పగించాలి కాబట్టి, ఆ దారి మునుపటంత తెరిచి లేదు.

అయితే పెద్ద ఊళ్లకు పరుగెత్తేముందు సొంత ఊరు చూడండి. రాబర్ట్‌సన్‌పేటలోనో ముళబాగిలులోనో శ్రీనివాసపురంలోనో, పిక్చర్ ట్యూబు టీవీల కాలంలో ఒక వెలుగు వెలిగిన మెకానిక్ ఉంటారు. ట్యూబు టీవీలు పోయాక ఆయన స్కోపు, ప్యాటర్న్ జనరేటర్ అటక ఎక్కాయి. నా సలహా అడిగితే, మొదట వెళ్లవలసింది ఆయన దగ్గరికే. "అన్నా, ఇది మీరెప్పుడు వాడారు? దేనికి వాడారు?" అని అడిగితే నిజం చెప్పగల మనిషి. సంతలో అమ్మేవాడికి ఆ వస్తువు చరిత్ర తెలియదు, తెలియకపోవడం అతని తప్పూ కాదు.

చరిత్ర గురించి ఇంకో మాట. గనులు మూతపడ్డ ఊరిలో రాగితీగలు, పరికరాలు దొంగతనంగా బయటికి రావడం కొత్తేమీ కాదు. కంపెనీ నంబరు పలకను గీకేసిన వస్తువు ఎంత చౌకైనా ముట్టుకోవద్దు. దొంగసొత్తని తెలిసీ కొనడం కూడా చట్టం దృష్టిలో నేరమే.

ఏది కొనాలి? ప్రయోగశాల పవర్ సప్లై పాతదే మేలు. లోపల బరువైన ట్రాన్స్‌ఫార్మరు, లావుపాటి ట్రాన్సిస్టర్లు ఉంటాయి, పోయినా బాగు చేసుకోవచ్చు. కాలేజీ ల్యాబుల నుంచి వచ్చే 20 మెగాహెర్ట్జ్ రెండు గీతల స్కోపు ఆడియో పనికీ, నేర్చుకోవడానికీ సరిపోతుంది. సిగ్నల్ జనరేటరూ అంతే. చౌకరకం డిజిటల్ మల్టీమీటరు మాత్రం పాతది కొనడం దండగ, కొత్తదే కొనండి.

ప్లగ్గు పెట్టేముందు

సూది మీటరుకు కరెంటు లేకుండానే ఒక పరీక్ష ఉంది. దుకాణం ముందే చేయవచ్చు. మీటరును చేతిలో పట్టుకుని మెల్లగా ఊపండి, సూది అటూ ఇటూ ఊగుతుంది. ఇప్పుడు అతి తక్కువ డీసీ కరెంటు రేంజి పెట్టి, రెండు కొనలూ కలిపి, మళ్లీ ఊపండి. సూది బద్ధకంగా, బరువుగా కదిలితే చుట్ట తెగలేదన్నమాట. అయస్కాంతం మధ్య కదిలే చుట్టలో కరెంటు పుడుతుంది, ఆ కరెంటే దాని కదలికకు అడ్డుపడుతుంది. తెగిన చుట్టలో కరెంటు పారే దారే లేదు, కాబట్టి సూది మునుపటిలాగే ఊగుతుంది. ఏవో 8 కొనేవాళ్లు వెనక మూత తీసి బ్యాటరీ గదీ చూడాలి. మామూలు 1.5 వోల్టుల సెల్లుతో పాటు దానికి 15 వోల్టుల చిన్న బ్యాటరీ కూడా కావాలి, అది ఇప్పుడు సులభంగా దొరకదు. కారిన పాత సెల్లు వదిలిన తెల్లని పొడి తీగల దాకా పాకి ఉంటే వదిలేయండి.

మంచి రకం డిజిటల్ మీటరైతే లోపలి ఫ్యూజు చూడాలి. అసలు ఫ్యూజు ఇసుక నింపిన పింగాణీ గొట్టం. అది కాలిపోయాక దాని స్థానంలో రాగితీగ చుట్టేసి నడిపేవాళ్లు ఉన్నారు. ఆ మీటరును ఆంపియర్ల గుంటలో తీగ ఉంచి పొరపాటున ఇంటి కరెంటుకు తాకిస్తే చేతిలో పేలుతుంది.

ఇక పేరు పలక. విదేశీ పరికరం మీద 115 వోల్టులు, 60 హెర్ట్జ్ అని ఉంటే వోల్టేజి ఒక్కటే చూసి సరిపెట్టుకోకూడదు. కరెంటు దిశ సెకనుకు ఎంత ఎక్కువసార్లు మారితే ట్రాన్స్‌ఫార్మరు ఇనుము ఒక్కో విడతకు అంత తక్కువ భారం మోస్తుంది. 60కి చేసినదాన్ని మన 50 మీద నడిపితే ఇనుము మీద భారం ఐదో వంతు పెరుగుతుంది. పొదుపుగా చేసిన ట్రాన్స్‌ఫార్మరైతే మాడుతుంది. ఈ అంకె దేశమంతటా ఎప్పుడూ 50గానే లేదు. 1902 జూన్‌లో శివనసముద్రం నుంచి దాదాపు 147 కిలోమీటర్లు తీగలు లాగి కేజీఎఫ్ గనులకు తెచ్చిన తొలి కరెంటు 25 హెర్ట్జ్‌దే.

పలక సరిపోయినా సరే, ఏళ్లుగా మూలన పడ్డ పరికరాన్ని తెచ్చి నేరుగా సాకెట్‌లో గుచ్చకండి. దాని పవర్ సప్లైలో ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లుంటాయి. వాటి లోపలి అల్యూమినియం రేకు మీద అతి పలుచని ఆక్సైడు పొర ఉంటుంది, కెపాసిటర్ పని చేసేది ఆ పొర వల్లే. వాడకం లేకపోతే పొర క్షీణిస్తుంది. హఠాత్తుగా పూర్తి వోల్టేజి పడితే లోపలి ద్రవం మరిగి డబ్బా ఉబ్బుతుంది, చిట్లుతుంది. మెల్లమెల్లగా వోల్టేజి పెంచితే పొర మళ్లీ కట్టుకుంటుంది. అందుకు ల్యాబుల్లో డిమ్మర్‌స్టాట్ వాడతారు.

డిమ్మర్‌స్టాట్ లేకపోతే ఎలక్ట్రీషియన్ల పాత ఉపాయం, సిరీస్ ల్యాంపు. ఫేజు తీగ ముందు 100 వాట్ల ఫిలమెంటు బల్బు గుండా వెళ్లి, తర్వాత సాకెట్‌కు చేరేలా బోర్డు కట్టుకోవాలి. బల్బు పూర్తిగా వెలుగుతున్నప్పుడు తంతువు నిరోధం సుమారు 530 ఓములు, చల్లగా ఉన్నప్పుడు అందులో పదో వంతు కూడా ఉండకపోవచ్చు. పరికరం లోపల షార్టు ఉంటే బల్బు భగ్గుమని వెలిగి, తానే నిరోధం పెంచుకుని, కరెంటును అర ఆంపియరు లోపల ఆపేస్తుంది. పరికరం బాగుంటే ఒక్కసారి వెలిగి, ఎర్రగా మసకబారి అలాగే ఉండిపోతుంది. అసలు వెలగకపోతే ఫ్యూజో స్విచ్చో తెగి ఉంటుంది. దీనికి ఎల్ఈడీ బల్బు పనికిరాదు. ఇంట్లో పాత ఫిలమెంటు బల్బులుంటే పారేయకండి, దుకాణాల్లో అరుదవుతున్నాయి. పిల్లలు ఈ బోర్డు కట్టేటప్పుడు కరెంటు పని తెలిసిన పెద్దవాళ్లు పక్కన ఉండి తీరాలి.

స్కోపుకు ఇంకో ప్రమాదముంది. ప్రోబు నల్ల క్లిప్పు లోపల ఎర్తుకు కలిసి ఉంటుంది. లైవు ఉన్న సర్క్యూటులో దాన్ని తగిలిస్తే షార్టు. ఆ బాధ తప్పించుకోవడానికి కొందరు ప్లగ్గులోని ఎర్తు పిన్ను కోసేస్తారు. అప్పుడు స్కోపు పెట్టె మొత్తానికి కరెంటు వస్తుంది. పాత స్కోపు కొంటే మొదట చూడవలసింది ఆ లావుపాటి మూడో పిన్ను. స్కోపు తెర వెనక కొన్ని వేల వోల్టులుంటాయి, ఆపాక కూడా కాసేపు నిలుస్తాయి. మూత విప్పే తొందర వద్దు.

తెలిసిన విలువలతో సరిచూడడం

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. మంచి మీటరు లేకుండా పాత మీటరును ఎలా నమ్మాలి? ముందే విలువ తెలిసిన వస్తువులతో సరిచూసుకుని; అవి చౌకగానే దొరుకుతాయి. వాచీల్లో వాడే సిల్వర్ ఆక్సైడ్ సెల్లు కొత్తదైతే సుమారు 1.55 నుంచి 1.6 వోల్టుల మధ్య ఉంటుంది. ఎస్.పి. రోడ్డులో ఒక శాతం మెటల్ ఫిల్మ్ రెసిస్టర్లు గుప్పెడు కొనుక్కోండి. ఒక్కొక్కటీ ఒక శాతం అటూ ఇటూ ఉండవచ్చు, కానీ వేర్వేరు దుకాణాల్లో కొన్న పదింటినీ కొలిస్తే, మీటరు అన్నిట్లోనూ ఒకే వైపు మూడు శాతం తేడా చూపితే తప్పు మీటరుదే. ఏడీ 584 చిప్పు ఉన్న చిన్న బోర్డు 2.5, 5, 7.5, 10 వోల్టులను స్థిరంగా ఇస్తుంది. ఇవి మూడూ ఒకదానితో ఒకటి సంబంధం లేని ఆధారాలు. గనిలో గాజు గొట్టాలకు పెట్టిన నియమమే ఇక్కడా వర్తిస్తుంది.

స్కోపు కాలాన్ని సరిగ్గా కొలుస్తోందా అన్నది చూడడానికి గడియారం గోడలోనే ఉంది. మన గ్రిడ్డు 50 హెర్ట్జ్‌కు అతి కొద్ది తేడాతో నడుస్తుంది, పాత స్కోపు నుంచి మనం ఆశించే కచ్చితత్వం కన్నా అది ఎంతో మెరుగు. గోడ సాకెట్‌కు ప్రోబు ఎన్నడూ పెట్టకూడదు. 9 వోల్టుల చిన్న ట్రాన్స్‌ఫార్మరు అవతలి వైపు నుంచి తీసుకోండి. గడికి 5 మిల్లీసెకన్లు పెడితే ఒక పూర్తి అల సరిగ్గా నాలుగు గళ్లలో ఇమడాలి. నాలుగుంపావు ఆక్రమిస్తే తేడా ఎంతో వెంటనే లెక్క తేలింది.

తేలిన తేడాను చిన్న కాగితం మీద రాసి, తేదీ వేసి పరికరం వెనక అంటించండి. ఆరు నెలలకోసారి మళ్లీ చూడండి. ఒక మీటరు ప్రతిసారీ 2 శాతం ఎక్కువ చూపిస్తూ, ఏడాది తర్వాతా అదే 2 శాతం దగ్గర నిలిస్తే అది మంచి మీటరు, మనసులో తీసివేసుకుంటే చాలు. ఒకరోజు సరిగ్గా, ఇంకోరోజు తేడాగా, వేలితో తట్టితే మూడో రకంగా చూపించేదే అసలు చిక్కు. ఎక్కువసార్లు లోపం తిప్పుడు స్విచ్చి కింది రాగి పలకల మీద పేరుకున్న మురికిలో ఉంటుంది. బ్యాటరీ తీసేసి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన గుడ్డతో ఆ పలకలు తుడిచి, ఆరాక స్విచ్చిని అటూ ఇటూ బాగా తిప్పి, మళ్లీ ఏడీ 584 బోర్డు ఇచ్చే ఆ 5 వోల్టులకే పెట్టి చూడండి.